అమెరికా పల్లె కౌంటీల్లో రైతు సబ్సిడీలు: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా రైతుకు సర్కారు ఎంత ఇస్తుంది, ఎవరికి ఇస్తుంది? ఈ ప్రశ్న పత్తి ధర పడిపోయిన ఏడాది ఆదిలాబాద్‌లో వినిపిస్తుంది, వాణిజ్య ఒప్పందం వార్త వచ్చిన రోజు గుంటూరులో వినిపిస్తుంది, డాలస్ శివార్లలో కాస్త పొలం కొన్న మనవాళ్ల ఇళ్లలోనూ వినిపిస్తుంది. జవాబులు మాత్రం చాలావరకు సగం సగమే దొరుకుతాయి. అందుకే ఎక్కువగా అడిగే ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టాం. ఉదాహరణలు ఎక్కువగా పశ్చిమ టెక్సాస్‌లో లబ్బక్ చుట్టుపక్కల ఉన్న పత్తి కౌంటీలవి. మనకు బాగా తెలిసిన పంట కాబట్టి లెక్క సులువుగా అర్థమవుతుంది.

కౌంటీ అంటే మన జిల్లానా, మండలమా?

పాలనలో రాష్ట్రం కింద మెట్టు కాబట్టి జిల్లా అనుకోవచ్చు. జనాభా చూస్తే మాత్రం చాలా పల్లె కౌంటీలు మన మండలం కన్నా చిన్నవి. ఒక్క టెక్సాస్‌లోనే 254 కౌంటీలు ఉన్నాయి. కొన్నింటిలో మనుషులు కొద్ది వేలే, పొలాలు మాత్రం కనుచూపు మేర. 2022 వ్యవసాయ గణన ప్రకారం అమెరికాలో సుమారు 19 లక్షల పొలాలున్నాయి, సగటు పొలం 463 ఎకరాలు. మన సగటు కమతం మూడెకరాలు కూడా ఉండదు. కింద చెప్పే అంకెలన్నీ ఈ తేడాను మనసులో పెట్టుకుని చదవాలి.

డబ్బు ఇచ్చేది కౌంటీ ప్రభుత్వమేనా?

కాదు. ఇది పూర్తిగా కేంద్రం డబ్బు. అమెరికా వ్యవసాయ శాఖ, అంటే యూఎస్‌డీఏ, కింద ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ అనే సంస్థ ఉంది. అందరూ ఎఫ్‌ఎస్‌ఏ అంటారు. దానికి దేశమంతటా 2,100కు పైగా కౌంటీ ఆఫీసులున్నాయి. రైతు కాగితాలు ఇచ్చేదీ, సాగు విస్తీర్ణం రాయించేదీ, డబ్బు ఎందుకు ఆగిందని అడిగేదీ అక్కడే. కౌంటీ ప్రభుత్వం చూసేది రోడ్లు, కోర్టు, ఆస్తి పన్ను లాంటివి. ఈ రెండూ ఒకటే అనుకుని చాలామంది పొరబడతారు.

నియమాలు మాత్రం వాషింగ్టన్‌లో తయారవుతాయి. దాదాపు ఐదేళ్లకోసారి వచ్చే 'ఫార్మ్ బిల్' అనే పెద్ద చట్టంలో అవి ఉంటాయి. 2018 నాటి ఫార్మ్ బిల్ గడువు 2023లో ముగిసింది. కొత్తది రాక దాన్నే పొడిగిస్తూ వచ్చారు. చివరికి 2025 జులై 4న సంతకమైన 'వన్ బిగ్ బ్యూటిఫుల్ బిల్' చట్టంలోనే పంట సబ్సిడీల భాగాన్ని మార్చి, 2031 పంట దాకా నడిచేలా చేశారు.

మన రైతుబంధులా ఎకరానికి ఇంత అని ఇస్తారా?

ఒకప్పుడు అలాంటిది ఉండేది. ధర ఎలా ఉన్నా ఏటా ఎకరాల లెక్కన ఇచ్చే నేరుగా చెల్లింపులను 2014 చట్టంతో ఆపేశారు. ధరలు బాగున్న ఏళ్లలో కూడా చెక్కు రావడం మీద అప్పట్లో చాలా విమర్శలు వచ్చాయి.

ఇప్పుడు ఉన్నవి ముఖ్యంగా రెండు. ఒకటి ధర పడితే ఇచ్చేది, దాన్ని పీఎల్‌సీ అంటారు. రెండోది రాబడి పడితే ఇచ్చేది, ఏఆర్‌సీ. ధర కూడా బాగుండి దిగుబడి కూడా బాగుంటే ఈ రెండిట్లోనూ పైసా రాదు. వీటికి తోడు పంటల బీమా, విపత్తు సాయం, భూమిని బీడుగా ఉంచినందుకు అద్దె, ఇంకా అప్పుడప్పుడు వచ్చే ప్రత్యేక ప్యాకేజీలు ఉంటాయి. "అమెరికా రైతు సబ్సిడీ" అని ఒకే పేరుతో పిలిచేది నిజానికి ఇన్ని ముక్కలు.

మన మద్దతు ధరలాంటిది ఉందా?

ఉంది, కానీ పనిచేసే తీరు వేరు. చట్టంలో ఒక్కో పంటకు 'రిఫరెన్స్ ధర' రాసి ఉంటుంది. 2025 మార్పులతో మొక్కజొన్నకు బుషెల్‌కు (అక్కడి గింజల కొలత) 3.70 డాలర్ల నుంచి 4.10కి, సోయాకు 8.40 నుంచి 10 డాలర్లకు, గోధుమకు 5.50 నుంచి 6.35కి పెంచారు. గింజతో ఉన్న పత్తికి పౌనుకు 36.7 సెంట్ల నుంచి 42 సెంట్లు చేశారు.

ఈ 42 సెంట్లను మన లెక్కలోకి మారిస్తే క్వింటాకు దాదాపు 92 డాలర్లు, అంటే రమారమి 8,000 రూపాయలు. 2025-26కు మన దగ్గర పొడవు పింజ పత్తి మద్దతు ధర 8,110 రూపాయలు. అంకెలు ఇంత దగ్గరగా ఉన్నాయని చాలామందికి తెలియదు. తేడా అంతా ఆ ధర రైతుకు చేరే తీరులో ఉంది. మన దగ్గర ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ సీసీఐ కేంద్రం తెరవాలి, తేమ శాతం చూడాలి, బండి కట్టుకుని పోయి లైన్లో నిలబడాలి. అక్కడ ప్రభుత్వం పత్తి కొనదు. రైతు తన సరుకు తనకు నచ్చిన చోట అమ్ముకుంటాడు. ఆ ఏడాది దేశమంతటి సగటు ధర రిఫరెన్స్ ధర కన్నా తగ్గితే, తగ్గినంత మేర లెక్కగట్టి ఖాతాలో వేస్తారు.

'బేస్ ఎకరాలు' అన్న మాట పదేపదే వినిపిస్తుంది. ఏమిటది?

ఈ మొత్తం వ్యవహారంలో అర్థం చేసుకోవాల్సిన అసలు విషయం ఇదే. డబ్బు ఈ ఏడాది వేసిన పంటకు రాదు. ఆ పొలంలో గతంలో ఏ పంట ఎన్ని ఎకరాల్లో వేశారన్న రికార్డును బట్టి వస్తుంది. ఆ రికార్డు పేరే బేస్. 200 ఎకరాల పొలానికి 100 ఎకరాల పత్తి బేస్ ఉందనుకోండి. ఈ ఏడాది ఆ పొలంలో జొన్న వేసినా, పత్తి ధర పడితే పత్తి లెక్కన డబ్బు వస్తుంది. పక్కనే కొత్తగా సాగులోకి వచ్చిన పొలానికి బేస్ లేకపోతే, అందులో ఎంత పత్తి పండించినా పీఎల్‌సీ కింద ఏమీ రాదు.

బేస్ పొలానికి అంటుకుని ఉంటుంది. మనిషి మారినా, పొలం అమ్ముడుపోయినా దానితోనే పోతుంది. అందుకే పొలం అమ్మకం ప్రకటనల్లో బేస్ ఎకరాలు ఎన్ని ఉన్నాయో కూడా రాస్తారు. కొనేవాడు దానికి కూడా కలిపి ధర కడతాడు.

ఇలా ఎందుకు పెట్టారంటే, ఈ ఏడాది పంటకే డబ్బు కడితే రైతులు సబ్సిడీ కోసమే పంట ఎంచుకుంటారని, అది ప్రపంచ వాణిజ్య సంస్థ నియమాలకు కూడా ఇబ్బంది అని. ఆ వాదనలో బలం ఉంది. కానీ దాని వల్ల సాగులోకి కొత్తగా వచ్చిన కుర్ర రైతు వెనకబడతాడు, పాత పొలం ఉన్నవాడు ముందుంటాడు. 2025 చట్టంలో గరిష్ఠంగా 3 కోట్ల ఎకరాల దాకా కొత్త బేస్ చేర్చడానికి వీలు కల్పించారు. అది కూడా ఇటీవలి కొన్నేళ్ల సాగు రికార్డును బట్టే.

ఒక లెక్క వేసి చూపిస్తారా?

తప్పకుండా. ఇది అర్థం కావడానికి వేసిన లెక్క మాత్రమే. పొలానికి 100 ఎకరాల పత్తి బేస్ ఉంది. రికార్డులో ఉన్న దిగుబడి ఎకరానికి 1,500 పౌన్లు, అంటే దాదాపు 6.8 క్వింటాళ్లు. ఆ ఏడాది దేశ సగటు ధర పౌనుకు 34 సెంట్లు అనుకుందాం. రిఫరెన్స్ ధర 42, తేడా 8 సెంట్లు. 1,500 పౌన్లకు 120 డాలర్లు. ఇది ఎకరానికి. కానీ 100 ఎకరాలకూ కట్టరు, 85 శాతానికే కడతారు. కాబట్టి 85 ఎకరాలకు 10,200 డాలర్లు. బడ్జెట్ కోత పేరుతో ఇంకో 5.7 శాతం తీసేస్తే చేతికి వచ్చేది దాదాపు 9,600.

ఎప్పుడు వస్తుందో కూడా చూడాలి. 2025లో కోసిన పంట డబ్బు 2026 అక్టోబరు తర్వాతే ఖాతాలో పడుతుంది. మార్కెటింగ్ ఏడాది ముగిసి సగటు ధర తేలాలి కదా. ఈలోగా విత్తనం, డీజిల్, ఎరువు అన్నీ బ్యాంకు అప్పుతోనే. మొత్తం ఎంతన్నది పక్కన పెడితే, ఏడాది పొడవునా సాగే ఈ ఆలస్యమే మామూలు రైతును ఎక్కువగా టెన్షన్ పెడుతుంది.

ఏఆర్‌సీలో కౌంటీ పాత్ర ఏమిటి?

ఏఆర్‌సీలో ఎక్కువమంది తీసుకునే రకానికి కౌంటీయే కొలమానం. కౌంటీ మొత్తం సగటు దిగుబడిని ధరతో గుణించి, గత ఐదేళ్ల రాబడితో పోలుస్తారు. 2025 నుంచి హామీ 90 శాతం. ఈ ఏడాది రాబడి అంతకన్నా తగ్గితే ఆ తేడా కడతారు, అది కూడా ఒక పరిమితి దాకానే.

ఇక్కడ ఒక చిక్కుంది. మీ పొలం మీదే వడగళ్లు పడి పంట పోయి, మిగతా కౌంటీ అంతా బాగా పండితే మీకు ఏమీ రాదు. తిరగేసి చూస్తే, మీకు బ్రహ్మాండంగా పండినా కౌంటీ దెబ్బతింటే మీకు కూడా డబ్బు వస్తుంది. పంటల బీమాలో గ్రామాన్నో మండలాన్నో యూనిట్‌గా తీసుకున్నప్పుడు మన దగ్గర రైతులు పడే బాధ ఇదే.

మరి పంట పోతే ఎవరు ఆదుకుంటారు?

బీమా. పశ్చిమ టెక్సాస్‌లో మెట్ట పత్తి వేసేవాళ్లకు ఇదే ప్రాణం. 2022లో ఆ ప్రాంతంలో తీవ్రమైన కరువు వచ్చింది. టెక్సాస్‌లో వేసిన పత్తిలో సగానికి పైగా కోత దాకా రాలేదు. కింద ఓగలాలా భూగర్భ జలం ఏటా తగ్గిపోతోంది కాబట్టి, బోరు ఉన్నవాళ్లు కూడా ఒకప్పటిలా తడి పెట్టలేరు.

అక్కడ బీమా పాలసీని ప్రైవేటు కంపెనీల ఏజెంట్లు అమ్ముతారు. ధరలు, నియమాలు నిర్ణయించేది ప్రభుత్వ సంస్థే. ప్రీమియంలో సగటున 60 శాతం పైచిలుకు ప్రభుత్వం కడుతుంది, మిగతాది రైతు. రైతు సొంత దిగుబడి చరిత్రను బట్టి పాలసీ తీసుకోవచ్చు. కాబట్టి పక్క పొలం బాగా పండినా తన నష్టానికి తనకు పరిహారం వస్తుంది. మన పథకాలతో పోలిస్తే నాకు అన్నిటికన్నా మెచ్చుకోదగ్గదిగా కనిపించేది ఇదే.

మెచ్చుకోలేనిది కూడా చెప్పాలి. ఈ ప్రీమియం సబ్సిడీకి మనిషికి ఇంత అన్న పరిమితి లేదు. ఇరవై వేల ఎకరాలు సాగు చేసేవాడికి కూడా అన్ని ఎకరాలకూ ప్రభుత్వం వాటా కడుతుంది.

కౌలు రైతుకు డబ్బు వస్తుందా?

మనవాళ్లు అన్నిటికన్నా ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. అడగాల్సిన ప్రశ్న కూడా.

చట్టం ప్రకారం వస్తుంది. అమెరికాలో సాగుభూమిలో దాదాపు 40 శాతం కౌలులోనే ఉంది. నగదు కౌలు అయితే పంట నష్టం భరించేది కౌలు రైతే కాబట్టి, సబ్సిడీ మొత్తం కౌలు రైతుకే. భూయజమానికి పైసా రాదు. పాలు పద్ధతి అయితే పంటను ఏ వంతున పంచుకుంటారో సబ్సిడీని కూడా అదే వంతున పంచుకోవాలి. కౌలు ఒప్పందం ఎఫ్‌ఎస్‌ఏ ఆఫీసులో నమోదవుతుంది. తెలంగాణలో రైతుబంధు మొదలైన 2018 నుంచీ డబ్బు పట్టాదారుకే పోయింది, కౌలు రైతు బయటే ఉండిపోయాడు. ఆంధ్రలో సాగుదారు హక్కు పత్రం తేవాలంటే యజమాని సంతకం దగ్గరే ఆగిపోతుంది. ఆ లెక్కన చూస్తే అమెరికా చట్టం మేలు.

కానీ మొదటి నుంచీ ఇలా లేదు. 1933లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం తొలి వ్యవసాయ సబ్సిడీ చట్టం తెచ్చినప్పుడు పత్తి ధర పెంచడం కోసం పొలంలో ఉన్న పంటను దున్నేయమని డబ్బిచ్చారు. కోటి ఎకరాలకు పైగా పత్తి అలా మట్టిలో కలిసిపోయింది. ఆ డబ్బు భూస్వాముల చేతికి వెళ్లింది. పాలుకు సాగు చేసేవాళ్లకు వాటా ఇవ్వాలని రాసి ఉన్నా చాలాచోట్ల ఇవ్వలేదు. సాగు తగ్గింది కాబట్టి మీరు అక్కర్లేదని వేలాది కుటుంబాలను గుడిసెల్లోంచి వెళ్లగొట్టారు. ఆ కడుపుమంటలోంచే 1934లో ఆర్కన్సాలో టైరాన్జా అనే చిన్న ఊరి దగ్గర సదరన్ టెనెంట్ ఫార్మర్స్ యూనియన్ పుట్టింది. నల్లవాళ్లు, తెల్లవాళ్లు కలిసి ఒకే సంఘంలో కూర్చోవడం ఆ కాలంలో దక్షిణాదిలో ప్రాణాలకు తెగించిన పని.

ఇప్పటి చట్టంలో కౌలు రైతు పేరు ఉంది. అయినా ఆ డబ్బంతా అతని జేబులో ఉండదు. సబ్సిడీ వస్తుందని యజమానికి తెలుసు. బేస్ ఎకరాలు ఎన్నో కూడా తెలుసు. వచ్చే ఏడాది కౌలు మాట్లాడుకునేటప్పుడు ఎకరాకు ఇన్ని డాలర్లు పెంచుతాడు. కాదంటే ఆ పొలం కోసం ఇంకొకరు సిద్ధంగా ఉంటారు. కాబట్టి చెక్కు మీద పేరు కౌలు రైతుదే అయినా, అందులో కొంత భాగం చివరికి భూమి ఉన్నవాడికే చేరుతుంది. కౌలు రైతు పేరు చట్టంలో రాస్తే చాలదు, కౌలు ఎంత ఉండాలన్నది కూడా అతని చేతిలో కొంతైనా ఉండాలని అమెరికా అనుభవం చూశాక నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఒక మనిషికి గరిష్ఠంగా ఎంత ఇస్తారు?

పీఎల్‌సీ, ఏఆర్‌సీ కలిపి ఏడాదికి మనిషికి 1,25,000 డాలర్లు ఉండేది. 2025 చట్టంతో 1,55,000 చేశారు. ఇకపై ద్రవ్యోల్బణాన్ని బట్టి ఇంకా పెరుగుతుంది. భార్యాభర్తలు ఇద్దరూ సాగులో ఉంటే రెండు పరిమితులు. భాగస్వామ్య సంస్థ అయితే ఒక్కో భాగస్వామికి ఒక్కోటి. పొలం మీద పని చేస్తున్నట్టో, నిర్వహణ చూస్తున్నట్టో చూపించాలి. 2018లో అన్నదమ్ముల పిల్లలు, మేనల్లుళ్లు, మేనకోడళ్లను కూడా కుటుంబ సభ్యుల లెక్కలోకి తెచ్చారు. దాంతో ఒకే పొలం మీద ఎక్కువమంది పేర్లు చేర్చే దారి పెద్దదైంది. మూడేళ్ల సగటు ఆదాయం 9 లక్షల డాలర్లు దాటితే మామూలుగా అర్హత పోతుంది.

కింద కూడా ఒక గీత ఉంది. రైతుకు వాటా ఉన్న పొలాలన్నిటిలో కలిపి 10 లేదా అంతకన్నా తక్కువ బేస్ ఎకరాలే ఉంటే పీఎల్‌సీ, ఏఆర్‌సీ చెల్లింపు రాదు. కొత్త రైతులు, వివక్షకు గురైన వర్గాలవాళ్లు, మాజీ సైనికులు, తక్కువ వనరులున్నవాళ్లకు మాత్రం మినహాయింపు ఇచ్చారు.

అయితే డబ్బంతా పెద్ద రైతులకే పోతోందన్న మాట నిజమేనా?

చాలావరకు నిజం. ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్ అనే సంస్థ 1995 నుంచి ప్రభుత్వ రికార్డులు సేకరించి లెక్కగట్టింది. పంట సబ్సిడీల్లో నాలుగింట మూడొంతులకు పైగా పై 10 శాతం లబ్ధిదారులకే చేరింది. మామూలు ఏడాదిలో దేశంలో సగానికి పైగా పొలాలకు ఏ చెల్లింపూ అందదు. కూరగాయలు, పండ్లు పండించేవాళ్లు, కాసిన్ని పశువులు పెంచుకునేవాళ్లు ఈ పథకాల బయటే ఉంటారు.

దీనికి సమర్థన కూడా ఉంది. ఎక్కువ పండించేవాడికి ఎక్కువ నష్టం కాబట్టి ఎక్కువ సాయం అంటారు. అది విన్నాక కూడా నాకు ఒక ప్రశ్న మిగులుతుంది. ఆ డబ్బుతోనే పెద్ద రైతు పక్కవాడి పొలం కొనుక్కుంటుంటే, కౌంటీలో రైతులు తగ్గుతూ, బడి మూతపడుతూ, ఉన్న జిన్నింగ్ మిల్లులు కలిసిపోతూ ఉంటే అది పల్లెకు సాయం అని ఎలా అనగలం?

పంట వేయనందుకు కూడా డబ్బు ఇస్తారట కదా?

అవును. 1985లో మొదలైన కన్జర్వేషన్ రిజర్వ్ ప్రోగ్రామ్, సీఆర్‌పీ, దాని పేరు. కోతకు గురయ్యే నేలను 10 నుంచి 15 ఏళ్లపాటు గడ్డికి వదిలేస్తే ప్రభుత్వం ఏటా అద్దె కడుతుంది. 1930ల నాటి దుమ్ము తుఫానులు ఇంకా మరచిపోని మైదానాల్లో దాని విలువ తెలుస్తుంది. ఒక కౌంటీలో సాగుభూమి నాలుగో వంతుకు మించి ఇందులో పెట్టకూడదన్నది నియమం. ఎందుకంటే పొలాలన్నీ బీడు పెడితే విత్తనాల షాపు, ఎరువుల డీలరు, ట్రాక్టర్ మెకానిక్ అందరూ పనిలేకుండా పోతారు.

సుంకాల గొడవప్పుడు ఇచ్చిన డబ్బు సంగతి?

2018, 2019లో చైనాతో సుంకాల పోరు జరిగినప్పుడు 2,300 కోట్ల డాలర్ల దాకా పంచారు. 2019లో కౌంటీకి ఒక రేటు పెట్టారు. ఎకరాకు 15 డాలర్ల నుంచి 150 డాలర్ల దాకా. కౌంటీ సరిహద్దుకు అటు ఇటు ఉన్న ఇద్దరు రైతులు, అదే నేల, అదే పంట, కానీ వేరే రేటు. పత్తి ఎక్కువగా ఉన్న దక్షిణాది కౌంటీలకు రేటు ఎక్కువ పడిందని మధ్య రాష్ట్రాల సోయా రైతులు మండిపడ్డారు. 2020లో కోవిడ్ సాయం వచ్చింది. 2024 డిసెంబరు చట్టంతో ఇంకో ప్యాకేజీ వచ్చి పత్తికి ఎకరానికి 84.74 డాలర్లు ఇచ్చారు. 2025 డిసెంబరులో మరో 1,200 కోట్ల డాలర్లు ప్రకటించారు. 'ఈసారికి మాత్రమే' అని ఇచ్చే డబ్బు ఏటా వస్తుంటే, రైతూ బ్యాంకూ దాన్ని లెక్కలో కలుపుకునే అప్పు మాట్లాడుకుంటారు.

కౌంటీ కమిటీ అంటే ఏమిటి?

ప్రతి ఎఫ్‌ఎస్‌ఏ ఆఫీసుకూ రైతులు ఎన్నుకున్న కమిటీ ఉంటుంది. ముగ్గురి నుంచి పదకొండు మంది దాకా సభ్యులు, పదవీకాలం మూడేళ్లు. నవంబరులో బ్యాలెట్లు పోస్టులో వస్తాయి. చట్టాన్ని మార్చే అధికారం వీళ్లకు లేదు కానీ దరఖాస్తుల మీద, వివాదాల మీద నిర్ణయం చెప్పేది వీళ్లే. ఊరి రైతు సంగతి ఊరి రైతుకే తెలుస్తుందన్నది ఆలోచన.

దక్షిణాదిలో ఆ ఆలోచనే అన్యాయానికి కూడా దారి ఇచ్చింది. దశాబ్దాల పాటు కమిటీల్లో తెల్ల భూస్వాములే ఉండి, నల్ల రైతులకు అప్పులు, సాయం ఆలస్యం చేశారు, ఎగ్గొట్టారు. చాలామంది భూములు పోగొట్టుకున్నారు. చివరికి నల్ల రైతులు వేసిన 'పిగ్‌ఫర్డ్' కేసులో 1999లో కోర్టు పరిష్కారం వచ్చింది. 2010లో రెండో విడతగా 125 కోట్ల డాలర్లు కేటాయించారు. అమెరికా ఆదివాసీ రైతుల కేసులో 76 కోట్ల డాలర్లు. పోయిన పొలాలు మాత్రం తిరిగి రాలేదు.

ఏ కాగితాలు కావాలి?

పొలం హక్కు పత్రం లేదా కౌలు ఒప్పందం, గుర్తింపు, బ్యాంకు ఖాతా. ఎఫ్‌ఎస్‌ఏ పొలానికి ఒక నంబరు, అందులోని ముక్కలకు వేరే నంబర్లు ఇస్తుంది. ఎవరు ఎంత పెట్టుబడి, పని పెడుతున్నారో చెప్పే సీసీసీ-902, ఆదాయ పరిమితికి సీసీసీ-941, కోతకు గురయ్యే నేలను, చిత్తడి నేలను పాడుచేయనని రాసిచ్చే ఏడీ-1026 నింపాలి. ఏటా ఏ ముక్కలో ఏం వేశారో రాయించాలి. వేసవి పంటలకు చాలాచోట్ల గడువు జులై 15. మన ఈ-క్రాప్ లాంటిదే, కానీ రైతే వెళ్లి చెప్పాలి. తాతల నాటి భూమి భాగాలు తేలకుండా ఉన్నవాళ్లకు నంబరు రాక ఇబ్బందిపడేవారు. 2018 చట్టం తర్వాత వేరే రుజువులతో కూడా ఇస్తున్నారు.

ఇంకో మాట. వచ్చిన సబ్సిడీ మీద ఆదాయపు పన్ను ఉంటుంది.

డాలస్ దగ్గర పొలం కొన్నాం. మాకూ వస్తుందా?

మొదట ఒక గందరగోళం తీర్చుకోవాలి. టెక్సాస్‌లో మనవాళ్లు 'ఆగ్ ఎగ్జెంప్షన్' అనేది సబ్సిడీ కాదు. పొలాన్ని మార్కెట్ విలువతో కాక సాగు విలువతో లెక్కగట్టి ఆస్తి పన్ను తగ్గించడం అది. దాన్ని చూసేది కౌంటీలో ఆస్తుల విలువ కట్టే అప్రైజల్ డిస్ట్రిక్ట్, ఎఫ్‌ఎస్‌ఏ కాదు. గడ్డి కోయించో, పశువులు మేపించో సాగు నడపాలి. తర్వాత ప్లాట్లు వేస్తే వెనకటి మూడేళ్ల పన్ను తేడా కట్టాలి.

సబ్సిడీ విషయానికి వస్తే, పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు అర్హత ఉంది. పొలానికి బేస్ ఉండాలి, సాగులో మీ పాత్ర నిజంగా ఉండాలి. నగదు కౌలుకు ఇచ్చేస్తే డబ్బు కౌలు రైతుదే. వర్క్ వీసా మీద ఉన్నవాళ్లు భూమి, పెట్టుబడితో పాటు తామే గణనీయంగా ఒళ్లొంచి పని చేస్తే తప్ప అర్హులు కారు.

దానికన్నా ముఖ్యమైనది ఇంకోటి ఉంది, దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. పౌరసత్వం, గ్రీన్‌కార్డు లేనివాళ్లు సాగుభూమి కొంటే 1978 నాటి చట్టం ప్రకారం 90 రోజుల్లోగా ఎఫ్‌ఎస్‌ఏ-153 ఫారంతో తెలియజేయాలి. చెప్పకపోతే జరిమానా భూమి విలువలో 25 శాతం దాకా ఉండొచ్చు. మొత్తం పది ఎకరాలకు మించకుండా, ఏడాదికి వెయ్యి డాలర్లకు మించి పంట అమ్మకాలు లేకపోతే ఇది వర్తించదు. కొనేముందే లాయరుతో మాట్లాడుకోండి.

ఈ డబ్బుకూ మన పత్తి రైతుకూ ఏం సంబంధం?

అమెరికా పండించే పత్తిలో అత్యధిక భాగం ఎగుమతి అవుతుంది. అందులో టెక్సాస్‌దే పెద్ద వాటా. ధర పడినప్పుడు మన రైతు వచ్చే ఏడాది పత్తి తగ్గించుకుంటాడు. అక్కడ సబ్సిడీ, బీమా ఆసరాతో సాగు అంతగా తగ్గదు. సరుకు మార్కెట్లోకి వస్తూనే ఉంటుంది, ధర కోలుకోవడం ఆలస్యమవుతుంది.

ఇది మన ఒక్కరి ఫిర్యాదు కాదు. బ్రెజిల్ 2002లో ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు వేసి గెలిచింది. 2003లో బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలి దేశాలు ఇదే బాధ చెప్పుకున్నాయి. చివరికి అమెరికా తన పద్ధతి పూర్తిగా మార్చుకోకుండా 2014లో బ్రెజిల్‌కు 30 కోట్ల డాలర్లు ఇచ్చి వివాదం ముగించుకుంది. అదే ఏడాది చట్టంలో పత్తిని ధర సబ్సిడీ పంటల జాబితా నుంచి తీసేశారు. 2018 ఫిబ్రవరిలో 'గింజతో ఉన్న పత్తి' పేరుతో మళ్లీ చేర్చారు. ఆఫ్రికా దేశాల రైతులకు దక్కింది చాలా తక్కువ.

2025 ఆగస్టులో మన కేంద్ర ప్రభుత్వం పత్తి మీద 11 శాతం దిగుమతి సుంకాన్ని తాత్కాలికంగా ఎత్తేసి, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించింది. మిల్లులకు చవక దూది కావాలన్నది కారణం. మన పత్తి మార్కెట్‌కు వచ్చే నెలలు సరిగ్గా అవే. టెక్సాస్ రైతుకు ధర పడితే వెనక పీఎల్‌సీ ఉంది, బీమా ఉంది, ప్రత్యేక ప్యాకేజీ ఉంది. ఆదిలాబాద్ రైతుకు ఉన్నది సీసీఐ కేంద్రం ఒక్కటే. సుంకం తీసేయాలా వద్దా అని చర్చించేటప్పుడు ఈ ఇద్దరినీ సమానంగా పోటీ పడుతున్నవాళ్లుగా చూపించడం న్యాయం కాదు.

ఏ కౌంటీలో ఎవరికి ఎంత వచ్చిందో మనం చూడొచ్చా?

చూడొచ్చు. అమెరికాలో ఈ చెల్లింపులు బహిరంగ రికార్డు. యూఎస్‌డీఏ ఫైళ్లు విడుదల చేస్తుంది, ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్ వెబ్‌సైట్‌లో కౌంటీ వారీగా, పేరు వారీగా వెతకొచ్చు. చూసేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. లబ్ధిదారు ఉత్తరాల చిరునామా నగరంలో ఉంటే డబ్బు నగరం లెక్కలో కనిపిస్తుంది, పొలం ఉన్న కౌంటీలో కాదు. ఒకే కుటుంబం రెండు మూడు సంస్థల పేర్లతో ఉండొచ్చు. ఒక్క ఏడాది చూసి నిర్ణయానికి రావద్దు, కరువు ఏడాదీ సుంకాల ఏడాదీ మామూలు ఏడాదిలా ఉండవు. బీమా ప్రీమియం సబ్సిడీ వ్యక్తుల పేర్లతో బయటకు రాదు, కౌంటీ మొత్తమే దొరుకుతుంది. దాన్ని విడిగా తెరిచి చూడండి, పశ్చిమ టెక్సాస్ పత్తి కౌంటీల్లో పెద్ద అంకె చాలాసార్లు అక్కడే ఉంటుంది.